బోటెక్కిన విమానం

దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టుకుని, చెప్పులు విప్పి, తూర్పు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి ముక్కా జరిగిందే. ఇంత పెద్ద ఒట్టు ఎందుకంటే మా రేవులో నా నోటికి కాస్త పేరుంది. వాన వస్తోందని నేను కేకేస్తే మా వీధి ఆడవాళ్ళు ఆరేసిన ఎండుచేపలు తీయకపోగా, లోపలున్నవి కూడా తెచ్చి ఆరేస్తారు. అలాంటివాణ్ణి కాబట్టే ముందుగా ఒట్టు. (నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి కదా అంటే నేనేం చేయను? దోసిలన్నాక కారుతుంది.)

ఆ రోజుల్లో ఫోనుకు ఇప్పుడున్నంత తెలివీ లేదు, మనకు దాని మీద ఇప్పుడున్నంత అనుమానమూ లేదు. నొక్కితే టక్కుమనే మీటలు, నెత్తిన చిన్న టార్చి, అగ్గిపెట్టెంత తెర. ఒడ్డున ఉన్నంతకాలం అది మంచి ఎద్దులాంటిది, ఒకపూట మేపితే వారమంతా దున్నేది. అదే ఫోనును బోటెక్కించి వేటకు తీసుకుపోయామా, మర్నాటికల్లా కన్ను మూసేది. ఎవరూ ఒక్క మాట మాట్లాడింది లేదు, ఒక్క పాట విన్నది లేదు. ఊరికే ఉన్న ఫోను ఊరికే చచ్చిపోయేది. మా బోటు నడిపే సరంగు మా అమ్మ తమ్ముడే. ఆయన దీని మీద బాగా ఆలోచించి, "ఉప్పుగాలికి కరెంటు కరిగిపోతాదిరా. బెల్లం కరగడంలా?" అని తేల్చాడు. బెల్లం కరిగేది తేమకు కదా మామా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఆ బోటులో నేను కలాసీని. అంటే వల లాగడం, చేపలు ఏరడం, ఆ ఫోనుకు కాపలా. మొదటి రెండు పనుల్లో నాకు వంక పెట్టినవాళ్ళు లేరు.

ఫోను చస్తే ఏమైందని మీరనుకోవచ్చు. మా అత్తను అడగండి. మామ సముద్రానికి సరంగయితే ఒడ్డుకు అత్త సరంగు. చేపలు ఏ రేవులో దింపాలి, వేలంపాట ఎవరితో పాడించాలి, ఐసు బండి ఎవరిని పిలవాలి, అన్నీ ఆమే. మూణ్ణాలుగు రోజుల వేటకు బోటులో వేసుకుపోయిన ఐసు తిరిగొచ్చేసరికి నీళ్ళయి ఉంటుంది. ఒడ్డు తగిలేముందే ఫోను చేస్తే అత్త ఐసు దిమ్మలు తెప్పించి సిద్ధంగా ఉంటుంది. లేకపోతే మేం దిగి, మనిషిని పంపి, ఆ మనిషి ఐసు వెతికి తెచ్చేలోపల వంజరం చేపల కళ్ళు ఎర్రబడతాయి, అత్త కళ్ళు అంతకన్నా ఎర్రబడతాయి. మా పక్క బోటు సరంగు కొడుకొకడున్నాడు, నా ఈడువాడే. ఎప్పుడు చూసినా ఫోనులో పాటలు మోగిస్తుంటాడని వాడికి రింగుటోను అని పేరు. వాడి ఫోను మాత్రం తిరుగుప్రయాణంలో చక్కగా మోగేది, వాడి తల్లి వెళ్ళి ఐసు బండిని ఎగరేసుకుపోయేది. కారణం పెద్ద రహస్యమేం కాదు. వాడు బోటెక్కగానే ఫోను ఆపేసేవాడు.

మరి నువ్వూ ఆపేయొచ్చుగా అంటారు. ఆపేయొచ్చు, మా అవ్వ లేకపోతే. అవ్వంటే మామకు తల్లి, నాకు అమ్మమ్మ. మగవాళ్ళు సముద్రం మీదుండగా ఇంటి గూట్లో దీపం ఆరకూడదన్నది మా వాడలో పాత ఆనవాయితీ. బోటు తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరో ఒకరు నూనె పోస్తూనే ఉంటారు. మామ ఫోను కొని ఇంటికి తెచ్చిన రోజున అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది, ఎక్కడ నొక్కిందో ఏమో తెర వెలిగింది. "ఇది కూడా దీపమే అబ్బయా" అంది. అంతే, పసుపు రాసింది, కుంకుమ పెట్టింది (ఆ పసుపు మీటల సందుల్లోకి దిగి, ఐదు నొక్కితే ఎనిమిది పడేది), ఆపైన ఆజ్ఞ వేసింది. "ఒడ్డు దాటినాక దీన్ని ఆర్పినారంటే నా మీద ఒట్టే. దానంతట అది కొండెక్కితే అది దేవుడి పని. మీ చేత్తో మీరు ఆర్పకూడదు." తుఫాను హెచ్చరికను లెక్కచేయని మా మామ అవ్వ మాటను మాత్రం జవదాటడు.

బోటు బ్యాటరీ నుంచి చార్జింగు పెట్టుకోవచ్చుగా అని ఇంకా తెలివైనవాళ్ళు అడుగుతారు. పెట్టాను. ఒకసారి రెండు వైర్లు చీల్చి కలిపాను. బోటులో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. హారను మాత్రం మోగడం మొదలుపెట్టి, ఒడ్డుకు చేరేదాకా ఆగలేదు. ఆనాటి నుంచి మామ నన్ను ఇంజను గది వైపు చూడనిచ్చేవాడు కాదు.

ఇట్లా ఉండగా ఆ ఏడు వేట నిషేధం వచ్చింది. ఎండల్లో చేపలు గుడ్లు పెట్టే కాలంలో బోట్లన్నీ ఒడ్డునే కట్టేస్తారు. నిషేధం ఎత్తేసిన రోజున రేవులో ఉన్న ప్రతి బోటూ ఒకేసారి సముద్రం మీద పడుతుంది, ఇంచుమించు ఒకేసారి తిరిగొస్తుంది. అప్పుడుంటుంది ఐసు కోసం తన్నులాట! తొలివేట ముందురోజు అత్త వలలు సర్దుతున్న మా దగ్గరకొచ్చి, చీర కొంగు నడుముకు చెక్కుకుని, నా ఎదుట నిలబడింది.

"అల్లుడా, చెప్తా ఉండా విను. సూళ్ళూరుపేట నుంచి పిల్లకు సంబంధం వచ్చింది. నీకు మేనరికం ఇస్తామని మీ మామ చిన్నప్పుడెప్పుడో అన్నాడు గదా అని ఇన్నాళ్ళూ ఆగినా. ఈ దఫా బోటు కంటే ముందు ఫోను రావాల. రాలేదో, వాళ్ళకి మాటిచ్చేస్తా."

"ఫోనుకీ పెళ్ళికీ ఏం సంబంధం అత్తా?"

"మూడు రోజులు ఒక ఫోనును బతికించలేనోడు నా కూతుర్ని నూరేళ్ళు ఏం బతికిస్తాడు?"

నేను మామ వైపు చూశాను. మామ వలలో లేని చిరుగును వెతుకుతున్నాడు.

ఆ సాయంత్రం మా మరదలు ఫోనుకు నిండా చార్జింగు పెట్టి, పాలితీను కవరులో చుట్టి తెచ్చిచ్చింది. నేను తాళ్ళు చుడుతున్నట్టు నటిస్తూ, "ఆ సూళ్ళూరుపేట ఆయన ఎట్టుంటాడు?" అని అడిగాను.

"మంచోడే అంట. సెల్లు షాపు పెట్టుకోనుండాడు. ఆయన ఫోను ఈ జన్మలో చావదంట బావా."

చుట్టిన తాడునే మళ్ళీ విప్పి చుట్టాను. "మరింకేం, చేసుకో."

"చేసుకుందును. ఆ ఊళ్ళో చేపలు డబ్బులిచ్చి కొనుక్కోని తినాలంట బావా! కూరగాయల మాదిరి!" అని కళ్ళు పెద్దవి చేసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మర్యాదగా ఫోను చెయ్" అని చెప్పి వెళ్ళిపోయింది. ఒక ఆడపిల్ల మనసులో మాట ఇంతకంటే విడమరిచి చెబుతుందా?

తెల్లారేసరికి ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాటాం. ఓడరేవు క్రేన్లు చిన్నవయ్యాయి, పుల్లలయ్యాయి, మునిగిపోయాయి. నేను ఫోను పట్టుకుని బోటు ముక్కున కూర్చున్నాను, చావుబతుకుల్లో ఉన్న చుట్టాన్ని చూస్తున్నట్టు. సిగ్నలు గీతలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. చివరిది పోగానే తెరమీద ఏదో రాత తిరగడం మొదలైంది, నెట్‌వర్కు వెతుకుతున్నాను, వెతుకుతున్నాను అని. ఎంతసేపు చూసినా అదే పాట. కవరులోంచి చేతికి వెచ్చగా తగిలింది. మరి కాసేపటికి అప్పుడే నూనెలోంచి తీసిన వడలా ఉంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. మా తాత బతికున్న రోజుల్లో ఒకసారి తిరునాళ్ళలో తప్పిపోయాడు. అవ్వ పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఆ జనంలో తిరుగుతూ, "ఓ అయ్యా! యాడుండావయ్యా!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. (తాత జిలేబీల అంగట్లో కూర్చుని అన్నీ వింటున్నాడు. అది వేరే సంగతి.) మా ఫోను చేస్తున్నదీ అదే పని. ఒడ్డున టవరు పక్కనే ఉంటే గుసగుసగా మాట్లాడితే చాలు. ఇక్కడ పలికేవాడు లేడు కాబట్టి సముద్రమంతా వినపడేట్టు ఉన్న బలమంతా పెట్టి టవరును పిలుస్తోంది. కరెంటు కరగలేదు, అరుపుల్లో పోయింది!

జబ్బు తెలిసింది. మందేమిటి? నోరు మూయించాలంటే ఫోను ఆర్పాలి. ఆర్పితే అవ్వ ఒట్టు. ఆర్పకపోతే రేపటికి చస్తుంది, నా పెళ్ళి సూళ్ళూరుపేట సెల్లు షాపులో జరుగుతుంది, వేరేవాడితో. దీపం వెలుగుతుండాలి, నోరు మాత్రం మూతపడాలి. పసుపు మీటలతో కుస్తీ పడుతూ ఆ ఫోనులో ఉన్న ప్రతి గదిలోకీ దూరాను. అలారంలోకి పోయాను, లెక్కలు చేసే యంత్రంలోకి పోయాను, ఎవరి పుట్టినరోజో గుర్తుచేసే చోటుకు పోయాను. మనకు వచ్చిన ఇంగ్లీషేమో ఇంజనాయిలు డబ్బాల మీద రాసేంత. చివరికి ఒక మూల చిన్న విమానం బొమ్మ కనపడింది. విమానం ఎక్కేవాళ్ళు ఫోను ఆర్పకుండానే నోరు మూయించే ఉపాయం కాబోలు అనిపించింది. వేలు పెట్టబోతుంటే వెనకనుంచి మామ వంగి చూశాడు.

"ఏందిరా అది?"

"విమానం మామా."

"బోటులో విమానమేందిరా? నొక్కబాక! ఏమన్నా అయితే?"

"ఏమైతాది మామా, ఎగరతాదా?"

"ఏమో, నువ్వు వైర్లు కలిపినప్పుడు కూడా ఇట్టాగే అన్నావు."

నొక్కేశాను. ఎగరలేదు. వెతుకులాట రాత ఆగిపోయింది. సిగ్నలు గీతలుండే చోట చిన్న విమానం వచ్చి బుద్ధిగా కూర్చుంది. కాసేపటికి ఫోను ఒళ్ళు చల్లబడింది. మామ ముఖం మాత్రం పాలిపోయింది. "ఆర్పేసినావు గదరా! మా అమ్మకు నేనేం చెప్పాల?"

"ఆర్పలేదు మామా, చూడు." మీట నొక్కితే తెర వెలిగింది. "దీపం ఎలగతానే ఉండాది. నోరు మాత్రం మూసుకోనుండాది."

మామ ఫోనును అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ తెర చూసి, చాలాసేపు ఆలోచించాడు. "నోరు మూసుకోని ఎలిగే దీపం," అని నెమ్మదిగా అన్నాడు. "ఇట్టాంటిది ఇంట్లో కూడా ఒకటుంటే బాగుండురా." అది అత్తను గురించి అన్నాడో అవ్వను గురించి అన్నాడో నేను అడగలేదు. ఇద్దరిలో ఎవరికి తెలిసినా మా బోటుకు సరంగు ఉండేవాడు కాదు.

ఆ వేటంతా ఫోను నా మెడలోనే ఉంది, తాయెత్తులా. తోటి కలాసీలు టార్చి కావాలన్నారు, ఇవ్వలేదు. పాము ఆట ఆడతామన్నారు, ఇవ్వలేదు. పొద్దునా సాయంత్రం ఒక్కసారి తెర వెలిగించి బ్యాటరీ గీతలు చూసుకోవడం, కళ్ళకద్దుకోవడం. గీతలు ఎక్కడివక్కడే! సముద్రం కూడా ఆ దఫా మాకు కలిసొచ్చింది. రెండు నెలలు మనుషుల ముఖం చూడని చేపలు వలలోకి చుట్టాలింటికి వచ్చినట్టు వచ్చాయి.

తిరుగుప్రయాణంలో బోట్లన్నీ దాదాపు ఒకే వరసలో పడ్డాయి. మా కుడిపక్కనే రింగుటోను వాళ్ళ బోటు. ఒడ్డు ఇంకా కనుచూపు మేరలో లేదు, అప్పుడే వాడు ఫోను తెరిచి, బోటు గది పైకప్పెక్కి, చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. నిలబడినవాడు ఊరికే ఉంటాడా, పాటలు పెట్టాడు. "ఏరా, మీ అవ్వ దీపం ఎలగతా ఉండాదా? నూనె పోసినారా?" అని అరిచాడు. వాళ్ళ బోటంతా నవ్వింది. మా మామకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"తియ్యరా ఫోను! వాడు తీసినాడు!"

"ఇంకా టవరు రాలేదు మామా."

"తీస్తే గదరా తెలిసేది వచ్చిందో లేదో!"

"తీస్తే మళ్ళీ అరవడం మొదలు పెడతాది. క్రేన్లు కనపడనీ మామా, నీ కాళ్ళు పట్టుకుంటా."

మామ పళ్ళు నూరుతూ చుక్కాని తిప్పాడు. నా వేలు విమానం మీదికి పోతోంది, వెనక్కి వస్తోంది. వాడి చెయ్యి అట్లా పైకే ఉంది. వాడి ఫోను టవరును పిలుస్తూనే ఉంది, మధ్యలో పాటలు పాడుతూనే ఉంది. ఒక్క పనికే గొంతు పోతుందంటే అది రెండు పనులు చేస్తోంది. ఎంతసేపటికో పడమటి అంచున మసకలో అగ్గిపుల్లలు గుచ్చినట్టు క్రేన్లు తేలాయి. సరిగ్గా అప్పుడే పక్క బోటు మీద పాట చరణం మధ్యలో ఆగింది. కీచుమని ఒక చిన్న చప్పుడు. రింగుటోను ఫోనును తొడకేసి కొట్టుకోవడం, బ్యాటరీ ఊడదీసి ఊదడం, చంకలో పెట్టుకుని వెచ్చచేయడం, అన్నీ నా కళ్ళారా చూశాను. ఆ తరవాతే నేను విమానాన్ని దింపాను. ఒక గీత వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది. రెండో దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. బోటులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ మూగుతుండగా అత్త నంబరు నొక్కాను. అవతల రింగు పోతోంది! అత్త ఎత్తింది. నేను ఛాతీ విరుచుకుని, మూడు బోట్లకు వినపడేలా గర్జించాను: "అత్తా! నీ అల్లుణ్ణి మాట్లాడతా ఉండా! బోటు నిండా వంజరం, చందువ! ఐసు దిమ్మలన్నీ పట్టెయ్! ఇంకో మాట, సూళ్ళూరుపేటోళ్ళకి చెప్పెయ్, పిల్లకు మొగుడు సముద్రం మీదనుంచి వస్తా ఉండాడని!"

మేం ఒడ్డుకు తగిలేసరికి ఐసు బండి మాకోసం నిలబడి ఉంది. దిమ్మల మీద ఊకా గోనెపట్టాలూ కప్పి, దానిమీద అత్త కూర్చుని ఉంది, కోట గెలిచినట్టు. కాసేపటికి రింగుటోను తల్లి ఆయాసపడుతూ వచ్చింది. రేవులో ఇంకెక్కడా ఐసు లేదు. అత్త ఆమెను కాసేపు నిలబెట్టి, ఆనక రెండు దిమ్మలు దింపించి, "తీసుకోని పో వదినా. బిడ్డకు చెప్పు, ఫోనుంటే చాలదు, దాని నోరు కట్టడం కూడా తెలియాలని" అని బుద్ధి చెప్పి పంపింది. నేనామెకు ఎప్పుడు చెప్పాను ఈ ఉపాయం? మామ అప్పటికే ఒడ్డుకు దూకి, అది తను కనిపెట్టినట్టుగా రేవంతా చాటేశాడు.

ఇంటికి పోతే అక్కడ ఇంకో కథ. మేం పోయిన రోజు సాయంత్రమే అవ్వ అత్త ఫోను తీసుకుని మాకు చేయించిందట. అవతల ఎవరో ఆడమనిషి, "మీరు పిలుస్తున్న నంబరు స్విచాఫ్ చేయబడింది" అందట. దీపం ఆర్పేశారని అవ్వ గుండెలు బాదుకోబోతుంటే మా మరదలు అడ్డుపడి, "ఓ అవ్వా, ఆమె యాడో పట్నంలో కూర్చోనుంటాది. మన బోటు సంగతి ఆమెకేం తెలుసు? ఆమె నోటికి ఏదొస్తే అది చెప్తాది, మా బావ మాదిరి" అని సముదాయించిందట. నేను వెలుగుతున్న తెర చూపించాక గానీ అవ్వ కుదుటపడలేదు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి వీధి గుమ్మంలోనే హారతి ఇచ్చింది, ముందు ఫోనుకు, తరవాత నాకు. అత్త తలుపు పక్కన నిలబడి ముక్కు మీద వేలేసుకుని, "సరేలే. సూళ్ళూరుపేటోళ్ళకి కబురు చేస్తా, వేరే పిల్లను చూసుకోమని" అంది. వానాకాలం వెళ్ళగానే పెళ్ళి అయింది. పెళ్ళికి రింగుటోనే పాటలు పెట్టాడు, ఈసారి మైకు సెట్టులో.

ఇక దోసిట్లో నీళ్ళు పూర్తిగా కారిపోయాయి కాబట్టి చెప్పేస్తాను. అంతా నిజమే, ఒక్కటి తప్ప. ఆ గర్జన నేను గర్జించలేదు. ఫోను ఎత్తింది అత్త కాదు. "హలో" అన్న గొంతు మా మరదలిది. ఆ గొంతు వినగానే ఇన్ని రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. చేతిలో ఫోనుకు నిండా బలముంది, నాకే లేదు. నోరు తెరిచాను, గాలి లోపలికి పోయింది గానీ మాట బయటికి రాలేదు.  అవతల ఆమె వాళ్ళమ్మకు చెప్పడం వినపడింది: "అమ్మా, గాలి హోరు, ఇంజను చప్పుడు. బావే. ఐసుకు పో, బోటు వస్తా ఉండాది." ఫోను పెట్టేసింది. ఐసు తెచ్చిందీ, పెళ్ళి చేసిందీ ఆ చప్పుడే.

ఈ కథను ఎన్నో చోట్ల గర్జనతో సహా చెప్పాను. ఆమె పక్కనే రొయ్యలు ఒలుచుకుంటూ వింటుంది గానీ ఒక్కసారీ కాదనలేదు. మొన్న నేనే ఉండబట్టలేక, "అబద్ధమని ఎందుకు చెప్పవు?" అని అడిగాను. "ఎందుకులే బావా, నువ్వు మాట్లాడుంటే ఈపాటికి మర్చిపోయుందును" అని మళ్ళీ రొయ్యల్లో పడింది. ఇప్పుడు నా దగ్గర మాటలకు కొదవ లేదు, మీరు చూస్తూనే ఉన్నారు. బోటు ముక్కున నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, వాడికి కాసిని మాటలు పంపిద్దామనిపిస్తుంది. వాడున్న చోటికి ఏ టవరూ అందదు.